పునరుత్థానం పాఠంలో అరుణ అడిగిన ప్రశ్న

1986లో నేను గోదావరికి ఇవతలి గట్టున, అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక మిషన్ బాలికల పాఠశాలలో పనిచేసేదాన్ని. పొద్దున తెలుగు, మధ్యాహ్నం స్క్రిప్చర్ చెప్పేదాన్ని. సాయంత్రమైతే హాస్టల్ వార్డెన్‌ని. స్క్రిప్చర్ అంటే క్రైస్తవ విశ్వాసం గురించిన పాఠం. దేవుడు ఒక్కడే అంటూనే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని ఎందుకంటారు, యేసు సిలువ మీద ఎందుకు చనిపోయాడు, పాపక్షమాపణ అంటే ఏమిటి, పునరుత్థానం అంటే ఏమిటి, ఇవన్నీ ప్రశ్న, జవాబు రూపంలో ఒక చిన్న పుస్తకంలో ఉండేవి. అలాంటి పుస్తకాన్ని క్యాటకిజం అంటారు. మా నాన్న ఖమ్మం పక్క పల్లెల్లో తిరిగి ఉపదేశం చేసేవాడు కాబట్టి, ఆ జవాబులు నాకు అక్షరాలకంటే ముందే నోటికి వచ్చేశాయి.

సంవత్సరం చివర స్క్రిప్చర్‌కీ పరీక్ష ఉండేది. క్రైస్తవులు కాని పిల్లలకు అదే గంటలో వేరే గదిలో నీతిబోధ క్లాసు జరిగేది. ఏ గదికి పంపాలో ఇంటివాళ్లు చెప్పాలి. కానీ పిల్లను హాస్టల్లో దింపి బస్సు అందుకునే తొందరలో ఉన్నవాళ్లకు ఆ సంగతి గుర్తుండేది కాదు. పిల్లలు ఎక్కడ కూర్చుంటే అదే వాళ్ల క్లాసు అయ్యేది.

అరుణ అలా వచ్చి నా క్లాసులో కూర్చున్న పిల్ల. తల్లాడ దగ్గర పల్లె. మిరప, పత్తి వేసే రైతు కుటుంబం, ఇంట్లో నిత్యం దీపారాధన చేసేవాళ్లు. ఏడో తరగతి. సన్నగా, ఎత్తుగా ఉండేది. మాట తక్కువ. చెప్పింది ఒక్కసారి వింటే చాలు, మళ్లీ చెప్పనక్కర్లేదు. కథలంటే ఇష్టంతో వచ్చి కూర్చుంటున్నదనుకున్నాను.

పరీక్షలు దగ్గరపడ్డాక హాస్టల్లో తట్టు మొదలైంది. ముందు ఇద్దరు చిన్నపిల్లలకు వచ్చి తేలికగా పోయింది. తర్వాత అరుణకు వచ్చింది. ఆమెకు మాత్రం గట్టిగా పోసింది. ఒళ్లంతా ఎర్రగా కమిలిపోయి, కళ్లు వాచి, ఊపిరి తీసుకుంటుంటే ఛాతీలో పిల్లికూతలు వినిపించేవి. మా నర్సు సిస్టర్ ఆమెను సిక్ రూమ్‌లో వేరుగా పెట్టి, కిటికీకి ఆకుపచ్చ గుడ్డ కట్టించింది. తట్టు పోసినప్పుడు కళ్లకు వెలుతురు పడదు. కొన్నాళ్లపాటు ఒక్క అక్షరం కూడా చదవకూడదని చెప్పింది. చిన్నప్పుడే నాకు తట్టు పోసింది కాబట్టి నేను లోపలికి వెళ్లి రావచ్చు. తల్లాడ వైపు వెళ్లే బస్సు కండక్టరుతో ఇంటికి కబురంపాం.

మరునాడు వాళ్ల నానమ్మ రాఘవమ్మ వచ్చింది. మిరపకాయ కళ్లాల్లో ఉండటంతో కొడుకు కదల్లేని పరిస్థితట. మూటలో వేపకొమ్మలు, పసుపు, ఇంట్లో దంచిన బియ్యపు నూక తెచ్చుకుంది. వేపాకు మంచం చుట్టూ కట్టనిస్తేనే పిల్లను ఇక్కడ ఉంచుతానని, లేకపోతే ఇప్పుడే తీసుకుపోతానని గుమ్మంలోనే చెప్పింది. ఈ ఒంటితో బస్సులో కదిలిస్తే ఊపిరితిత్తులకు ముప్పని సిస్టర్ అంది. చివరికి వేపాకు కట్టడానికీ, మందులు వేయడానికీ ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. జ్వరం దిగని ఆ రెండు మూడు రోజులు రాఘవమ్మ మంచం పక్క నుంచి లేచింది తక్కువ. పిల్ల అరికాళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది.

జ్వరం తగ్గి అరుణకు మాట వచ్చాక మొదట అడిగింది స్క్రిప్చర్ పరీక్ష గురించే. కళ్లు తెరవడానికి లేదు, ఎలా చదవాలని ఏడ్చింది. దిండు కింద నుంచి ఆ చిన్న పుస్తకం తీసింది. అప్పుడు తెలిసింది రాఘవమ్మకు, మనవరాలు ఏ పాఠం చదువుతున్నదో.

ఆమె పుస్తకం అందుకుని అట్ట మీది పేరు కూడబలుక్కుని చదివింది. చిన్నప్పుడు అన్నల పక్కన కూర్చుని నేర్చిన చదువట అది. ఆ తర్వాత నన్ను వరండాలోకి పిలిచింది.

"ఏంది టీచరమ్మా ఇది? మా పిల్లను మీలో కలుపుకుంటరా?"

నేను ఉన్న సంగతి చెప్పాను. ఇది పాఠమనీ, పరీక్ష రాసినంత మాత్రాన ఎవరూ మతం మారరనీ, నీతిబోధ క్లాసుకు పోవచ్చని తెలిసినా అరుణే ఇక్కడ కూర్చున్నదనీ చెప్పాను. నేను నమ్మిన దేవుణ్ణి దాచుకోను గానీ, పిల్లను తెలియకుండా ఎటూ తిప్పనని మాటిచ్చాను. ఆమె చాలాసేపు నా ముఖం చూసింది.

"దీంట్ల ఏమున్నదో ముందు నేను చూస్త. తర్వాత మాట్లాడదం," అంది.

అలా మొదలైంది ఆ చదువు. తప్పు ఎక్కడుందో పట్టుకుందామని రాఘవమ్మ పైకి చదవడం మొదలుపెడితే, కళ్లు మూసుకుని పడుకున్న అరుణకు అది పరీక్షకు తయారీ అయింది. పురాణం చదివినట్టు రాగం తీసి, వాక్యం చివర ఆగి, క్యాటకిజం చదివేదామె. మధ్యాహ్నం క్లాసు అయ్యాక నేను వెళ్లేసరికి నాకోసం సందేహాలు సిద్ధంగా ఉండేవి.

త్రిత్వం పాఠం దగ్గర ఆమెకేమీ ఇబ్బంది కలగలేదు. ముగ్గురూ ఒక్కరే అనడం మాకేం కొత్తని తేల్చేసింది. అది బ్రహ్మ, విష్ణువు, మహేశ్వరుల లెక్క కాదనీ, మా వాళ్లు చెప్పేది వేరనీ నేను నాకు వచ్చినంతలో వివరించాను. అంతా విని మనవరాలి వైపు తిరిగి, "నేను చెప్పింది రాయకే. మార్కులు పోతయ్. టీచరమ్మ చెప్పిందే రాయి," అంది. జబ్బు పడ్డాక అరుణ మొదటిసారి నవ్వింది అప్పుడే.

క్షమాపణ పాఠంలో ఆస్తి పంచుకుని పోయి, అంతా పోగొట్టుకుని తిరిగి వచ్చిన కొడుకు కథ ఉంది. దూరాన కొడుకును చూసి తండ్రి ఎదురు పరుగెత్తుతాడు. రాఘవమ్మ అక్కడ ఆగిపోయింది. భూములున్న పెద్దమనిషి ఊరంతా చూస్తుండగా పరుగెత్తడమేమిటి, పరువు పోదా అని అడిగింది. నాకంటే ముందే అరుణ మంచం మీద నుంచి మెల్లగా చెప్పింది: "పోయినా ఉరికిండు నానమ్మా. అదే పాఠం."

పాఠం బాగానే సాగుతున్నదని నాకు సంతోషంగా ఉండేది. పునరుత్థానం పాఠం వచ్చేదాకా.

ఆ మధ్యాహ్నం నేను కూడా గదిలోనే ఉన్నాను. యేసు చనిపోయి మూడో నాడు లేచాడనీ, శిష్యుల్లో ఒకడు నమ్మక, చేతుల్లో మేకుల గుర్తులు చూస్తేనే నమ్ముతానన్నాడనీ, గాయాలు చూశాక గుర్తుపట్టాడనీ రాఘవమ్మ చదివింది. తర్వాత ప్రశ్న, మృతులందరూ ఒకనాడు లేస్తారా అని. లేస్తారని జవాబు. ఆమె పేజీ తిప్పబోతుంటే అరుణ ఆపింది.

"టీచర్, అందరూ లేస్తరా? మా అమ్మ కూడా?"

వాళ్లమ్మ పోయిందని నాకు అప్పటిదాకా తెలియదు. హాస్టల్‌కు పద్మ అనే ఆమె వచ్చి పోతుండేది. నెయ్యి, చేగోడీలు తెచ్చేది, అరుణ ఆమెను అమ్మా అనే పిలిచేది. నేను రాఘవమ్మ వైపు చూశాను. ఆమె పుస్తకం మూసి, తలవంచుకుంది. అరుణకు మాటలు వస్తున్న వయసులో తల్లి సరోజన పురిటిలో పోయిందనీ, ఆ తర్వాత తండ్రి పద్మను చేసుకున్నాడనీ నాకు తర్వాత తెలిసింది.

నేను చెప్పాను: "అందరూ లేస్తారనే మా నమ్మకం అరుణా."

"మా అమ్మకు ఈ యేసు సంగతే తెల్వదు కదా టీచర్."

ఈ ప్రశ్నకు పుస్తకంలో జవాబు లేదు. మా నాన్న చెప్పిన మాటల్లోనూ నాకు దొరకలేదు. నాకు నిజంగా తెలిసినదొక్కటే చెప్పాను. ఎవరి సంగతి ఏమిటో తీర్చే పని మనుషులది కాదని, అది దేవుడిదని, ఆ దేవుడు కొడుకు కోసం పరుగెత్తిన తండ్రిలాంటివాడని మొన్ననే మనం చదువుకున్నామని చెప్పాను. ఆమెను తొలుస్తున్నది అది కాదని అప్పుడు తెలిసింది.

"ఆయన్ను గాయాలు చూసి గుర్తుపట్టిండ్రు. మా అమ్మ లేస్తే నన్ను దేన్ని చూసి గుర్తుపడ్తది? అప్పుడు నేను చిన్నగున్న. ఇప్పుడు ఇంత పొడుగైన. నాకు కూడా అమ్మ ముఖం గుర్తులేదు. ఇద్దరం ఎదురుపడ్డా పక్కనుంచి పోతమేమో."

ఏడాది పొడవునా నా క్లాసులో ఆ పిల్ల వెతుక్కున్నది ఇదన్నమాట. రాఘవమ్మే లేచి మంచం మీద కూర్చుంది. మనవరాలి తలను తన వైపు తిప్పి, ఎడమ చెవి వెనక్కి జుట్టు తోసింది.

"ఇక్కడ నీకు పుట్టుమచ్చ ఉన్నది. కందిగింజంత. నీకు కనపడదు, నీకు తెల్వదు. నీళ్లు పోసినంక మీ అమ్మ రోజూ దీని మీద ముద్దు పెట్టేది. ఎవ్వరికీ కనపడని చోట దిష్టిచుక్క దేవుడే పెట్టిండు అత్తా, అనేది నాతో. నువ్వెంత పొడుగైనా ఇది ఏడికి పోతది? చెవి వెనక చూసుకుంటది మీ అమ్మ. నిన్నిడిచి పోదు."

అరుణ చెయ్యి ఎత్తి చెవి వెనక తడుముకుంది. వేళ్లకు తగిలిందో లేదో గానీ, చెయ్యి అక్కడే ఉంచి నానమ్మ ఒళ్లోకి ముఖం తిప్పుకుంది. కన్నీళ్లతో కళ్లు మండుతాయని సిస్టర్ చెప్పిన మాట గుర్తొచ్చింది. అయినా ఆపమని చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

ఆ రోజు నుంచి సిక్ రూమ్‌లో పాఠం సగం, సరోజన ముచ్చట్లు సగం. ఆమె పత్తి ఏరుతూ పాడేదట. చింతచిగురు పప్పులో కారం ఎక్కువ వేసేదట. బావిలో ఈత కొట్టేదట, పెళ్లయ్యాక కూడా. అరుణ అడిగేది, ఇంకా చెప్పమనేది. ఇన్నేళ్లు ఇంట్లో ఆమె పేరెందుకు ఎత్తలేదని నేను ఒకసారి వరండాలో రాఘవమ్మను అడిగాను. పద్మ మంచిదనీ, కొత్తగా వచ్చిన పిల్ల మనసు నొచ్చుకుంటదని ముందు కొన్నాళ్లు ఊరుకున్నామనీ, తర్వాత ఊరుకోవడమే అలవాటైపోయిందనీ చెప్పింది. కొడుకు మొదటి భార్య పేరు వింటే లేచి బయటికి పోయేవాడట. పిల్లకు ఏం గుర్తుంటదిలే అనుకున్నారట.

ఆదివారం అరుణ తండ్రి వెంకటేశ్వర్లు వచ్చాడు. మిరప ఘాటు ఇంకా చొక్కాకు ఉంది. కూతురు లేచి కూర్చున్నందుకు సంతోషించాడు గానీ, మంచం మీది పుస్తకం చూసి ముఖం మారింది. చదువుకు పంపితే ఇదేమిటని నన్ను మర్యాదగానే అడిగాడు. మా వాళ్లు వింటే ఏమంటారని, పిల్లను ఇవాళే తీసుకుపోయి వచ్చే ఏడు ఖమ్మంలో చేర్పిస్తానని అన్నాడు. నేను ఆయనకు చెప్పగలిగింది తక్కువ. ఇంటివాళ్లకు తెలియాల్సిన సంగతి తెలియలేదు, ఆయన కోపంలో న్యాయముంది.

రాఘవమ్మ కొడుకును కూర్చోమంది. ఆయన కూర్చోలేదు.

"నీ బిడ్డ మతం కోసం పోలేదురా ఆ క్లాసుకు," అందామె. "అమ్మ కోసం పోయింది. చచ్చిపోయినోళ్ల గురించి మాట్లాడే చోటు దానికి అదొక్కటే దొరికింది. మనింట్ల దొరకలే."

ఆయన సిక్ రూమ్ మెట్లు దిగి వేపచెట్టు దాకా వెళ్లి, వీపు మాకు కనిపించేలా నిలబడ్డాడు. అడవి వైపు నుంచి ఇప్పపూల వాసన వస్తున్నది. అంతసేపూ అరుణ గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది. ఆయన తిరిగి వచ్చి, పరీక్ష అయినాక వచ్చి తీసుకుపోతానని, మిగతాది అప్పుడు చూద్దామని చెప్పి బస్సుకు వెళ్లిపోయాడు.

కళ్లు ఇంకా తేరుకోనందున అరుణకు స్క్రిప్చర్ పరీక్ష ఓరల్‌గా పెట్టడానికి హెడ్‌మిస్ట్రెస్ ఒప్పుకున్నారు. ఓరల్ అంటే రాయకుండా నోటితో జవాబులు చెప్పే పరీక్ష. ఆ రోజు ఆఫీసు గదిలో ఆమె, నేను కూర్చున్నాం. భద్రాచలంలో కల్యాణం దగ్గరపడటంతో రోడ్డు మీద యాత్రికుల బస్సులు ఒకటే వెళ్తున్నాయి. వెంకటేశ్వర్లు పిల్లను తీసుకుపోవడానికి ముందే వచ్చి, తెరిచి ఉన్న తలుపు పక్కన వరండా బెంచీ మీద కూర్చున్నాడు.

అరుణ తడబడకుండా చెప్పింది. త్రిత్వం, సిలువ, క్షమాపణ, అన్నీ పుస్తకంలో ఉన్నట్టే. పునరుత్థానం గురించి అడిగినప్పుడు కూడా క్రైస్తవుల నమ్మకం ఏమిటో సరిగ్గా చెప్పింది. హెడ్‌మిస్ట్రెస్ మంచి మనిషి, ఆ మంచితనంతోనే మరో ప్రశ్న వేశారు. ఇవన్నీ నువ్వు నమ్ముతావా అని. నేను కుర్చీలో కదిలాను. అది పరీక్షలో అడిగేది కాదు, పైగా తలుపు పక్కన తండ్రి ఉన్నాడు.

అరుణ కొంచెం ఆలోచించింది.

"నాకింకా తెల్వదు మేడం. టీచర్ లేస్తరంటది. నానమ్మ మళ్లీ పుడ్తరంటది. మా అమ్మ పేరు సరోజన. ఆమె ఏడనో ఒక కాడ ఉన్నదని మాత్రం నమ్ముతున్న."

హెడ్‌మిస్ట్రెస్ మార్కుల కాగితం మీద సంతకం పెట్టారు. పాసయ్యావు, వెళ్లమ్మా అన్నారు. నేను అరుణను బయటికి తీసుకువచ్చేసరికి వెంకటేశ్వర్లు లేచి నిలబడి ఉన్నాడు. కళ్లు తుడుచుకున్నాడని తెలుస్తూనే ఉంది. కూతురి పెట్టె భుజానికెత్తుకుని, రెండో చేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. గేటు దాకా నేనూ వెంట నడిచాను. రోడ్డు దాటబోతూ ఆయన ఆగి, ఎవరి వైపూ చూడకుండా, రోడ్డు మీది దుమ్ముతో అన్నట్టు చెప్పాడు.

"మీ అమ్మది నీలాంటి గొంతే అరుణా. గట్లనే మెల్లగ మాట్లాడేది."

జూన్‌లో బడి తెరిచాక అరుణ తిరిగి వస్తుందో రాదో అనుకున్నాను. వచ్చింది. తండ్రితోపాటు పద్మ కూడా వచ్చింది. ఎనిమిదో తరగతి నుంచి అరుణను నీతిబోధ క్లాసులో వేయమని వెంకటేశ్వర్లు అడిగాడు. నేను అక్కడికక్కడే మార్చాను. నా క్లాసులో అంత చక్కగా జవాబు చెప్పే పిల్ల పోయినందుకు కాస్త వెలితి ఉంది గానీ, ఆమె అక్కడికి వచ్చిన పని అయిపోయిందని నాకు తెలుసు.

ఆయన ఫీజు సంగతి చూడటానికి ఆఫీసుకు వెళ్లినప్పుడు పద్మ సంచిలో నుంచి తువ్వాలు చుట్టిన వస్తువొకటి తీసింది. కొత్తగా అద్దం కట్టించిన ఫోటో. రెండు జడలు ముందుకు వేసుకుని, కెమెరాను చూసి నవ్వు ఆపుకుంటున్న పద్దెనిమిదేళ్ల పిల్ల. సరోజన. ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదని తెలిసి, పద్మ తానే ఆమె పుట్టింటికి వెళ్లి, వాళ్లమ్మను అడిగి తెచ్చిందట. హాస్టల్ పెట్టెలో పెట్టుకోనిస్తారా అని నన్నడిగింది. పెట్టుకోవచ్చన్నాను. అరుణ అప్పటికే ఫోటోను రెండు చేతుల్తో పట్టుకుని కిటికీ వెలుగులోకి వెళ్లింది.

పద్మ ఆమె వైపు చూస్తూనే నాతో మాట్లాడింది.

"నేను నొచ్చుకుంటనని ఇంట్ల ఎవ్వరూ అక్క పేరెత్తలేదంట టీచర్. మొన్న అత్తమ్మ చెప్పేదాక నాకు తెల్వదు. నన్నొక్క మాట అడిగితే, ఆమె ముచ్చట చెప్పుకోమని నేనే అనకపోదునా? ఆమె మలిచిన పొయ్యి మీదనే ఇన్నేండ్లు వండుతున్న. ఆమె ఎట్లుండేదో తెలుసుకోవాలని నాకు మాత్రం ఉండదా?"

ఆ తర్వాత నేను మరో పదిహేనేళ్లకు పైగా స్క్రిప్చర్ చెప్పాను. పునరుత్థానం పాఠం ప్రతి ఏడూ వచ్చేది. పాఠం అయ్యాక నేను వెంటనే ప్రశ్నలు అడగడం మానేశాను. పుస్తకం మూసి ఊరికే కూర్చునేదాన్ని. గంట కొట్టాక ఎవరో ఒక పిల్ల వెనకే ఆగేది. పాము కరిచి పోయిన తమ్ముడున్న పిల్ల, గోదావరి వరదలో తాతను పోగొట్టుకున్న పిల్ల. మా తమ్ముడు లేస్తాడా, మా తాత లేస్తాడా అని అడిగేవాళ్లు. నేను నమ్మినది వాళ్లకు చెప్పేదాన్ని, అందులో తేడా లేదు. కానీ జవాబు చెప్పే ముందు, ఆ మనిషి పేరేమిటి, ఎట్లా ఉండేవాడు అని అడగడం నేర్చుకున్నాను. చాలాసార్లు ఆ పిల్లలు వచ్చింది ఆ మాట ఎవరైనా అడుగుతారనే.